వంశచరిత్ర పరిశోధనము: కొన్ని చిక్కులు

ఒక కవిని గూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాయబూనిన విద్యార్థి తొలి ప్రకరణమునకు ‘కవి వంశము, కాలము’ అని పేరు పెట్టుట మన తెలుగు శాఖలలో ఆచారమైనది. ఆ ప్రకరణము సాధారణముగా పది పుటలకు మించదు. అందలి సామగ్రి చాలవరకు పూర్వులు వ్రాసినదే యగుటచే పరీక్షకులును దానిపై అంతగా దృష్టి నిలుపరు. కాని వంశవృక్షములో ఒక తరము జారినచో కవి కాలము ముప్పదియేండ్లు జరుగును. కాలము జరిగినచో కృతిపతి మారును. కృతిపతి మారినచో గ్రంథమునకు మనము చెప్పిన చారిత్రకార్థమంతయు తలక్రిందులగును. ఇట్లు ఆ పది పుటలే తక్కిన మున్నూరు పుటలకు పునాదియగుచున్నవి. కావున వంశచరిత్రను వెదకుటలో కలుగు చిక్కులను గూర్చి కొంత ముచ్చటించుట అప్రస్తుతము కాదని తలచుచున్నాము. ఇచ్చట చెప్పబోవునది కవివంశములకే కాదు, తమ కుటుంబచరిత్రను వ్రాసికొనగోరు వారికిని చెల్లును.

మొదట రాజవంశములనుండి యొక దృష్టాంతము. వేంగీచాళుక్యుల తామ్రశాసనములు వంశచరిత్రకారునకు పెన్నిధానములు. క్రీ.శ. 624 ప్రాంతమున వేంగిలో రాజ్యము నెలకొల్పిన కుబ్జవిష్ణువర్ధనుడు పదునెనిమిదేండ్లు పాలించెనని మొదలుకొని, ప్రతి రాజును ఎవని కుమారుడో, ఎవని తమ్ముడో, ఎన్ని యేండ్లు ఏలెనో ఆ శాసనములు వరుసగా చెప్పును. ఇంద్రభట్టారకుడు ఏడే దినములు ఏలినను ఆ యేడు దినములను గూడ విడువలేదు. ఇంతటి జాగ్రత్త గల వంశావళి మన దేశమున అరుదు. అయినను క్రీ.శ. పదునొకండవ శతాబ్ది ప్రారంభమున విమలాదిత్యుని రణస్తిపూండి శాసనమునకు వచ్చునప్పటికి ఈ వంశమునకు ఒక క్రొత్త శిరస్సు మొలచినది. విష్ణునాభినుండి బ్రహ్మ, అతనినుండి అత్రి, చంద్రుడు, ఆ పిదప పాండవులు, ఉదయనుడు, అయోధ్యనేలిన యేబదితొమ్మండుగురు చక్రవర్తులు, దక్షిణదిగ్విజయమునకు వచ్చి త్రిలోచన పల్లవునిచేత హతుడైన విజయాదిత్యుడు, గర్భవతియైన అతని రాణికి ముడివేము అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి ఆశ్రయమిచ్చుట — ఈ కథయంతయు అందు కలదు. తొలి శాసనములలో ఇది లేదు. అచ్చట మానవ్యసగోత్రులమనియు, హారీతీపుత్రులమనియు మాత్రమే వారు చెప్పుకొనిరి.

ఇందుండి గ్రహింపదగినది ఒకటి కలదు. వంశావళి కాలము గడచిన కొలది క్రింది కొనయందే కాక పై కొనయందును పెరుగుచుండును. క్రింది కొన పుట్టుకలచే పెరుగును, పై కొన గౌరవాకాంక్షచే పెరుగును. కావున ఒకే వంశమును గూర్చి రెండు మూడు ఆధారములున్నపుడు అన్నిటిని కలిపి అతిదీర్ఘమైన పట్టికను కూర్చుటకు బదులు, వానిని కాలక్రమమున నిలిపి ఏ పేరు ఏ నాటి ఆధారమున మొదట కాన్పించుచున్నదో గుర్తింపవలెను. అట్లని కల్పితభాగమును పారవేయరాదు. అది పూర్వికులను గూర్చి సాక్ష్యము కాకపోయినను, దానిని వ్రాయించినవారి కాంక్షలను గూర్చి మంచి సాక్ష్యము. విమలాదిత్యుని నాటికి చాళుక్యులకు అయోధ్యతోడి సంబంధము ఏల కావలసివచ్చెనో అనునది వేరొక వ్యాసమునకు చాలిన విషయము.

ఇక మన కావ్యావతారికలు. కృతిపతి వంశవర్ణనము, కవి వంశవర్ణనము ప్రబంధమునకు అంగములగుట మన భాగ్యము. విజయనగర చరిత్రకు సంబంధించిన అవతారికలను ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో ఒకచోట చేర్చి ప్రకటించుటతో వాని విలువ చరిత్రకారులకు తెలిసివచ్చినది. తుళువ వంశమును గూర్చి పెద్దన మనుచరిత్రమున చెప్పిన తిమ్మ, ఈశ్వర, నరస, కృష్ణరాయల క్రమము శాసనములతో సరిపోవుచున్నది. తుర్వసుని వరకు పోవు పైభాగమును మాత్రము చాళుక్యుల అయోధ్యవలెనే చూడవలెను. అవతారికలో దాత యొకడు, వర్ణించువాడు మరియొకడు. తక్కువ కీర్తి గల సోదరులు, సంతానము లేక గతించినవారు, ఇంట గిట్టనివారు పద్యములలో చోటు పొందకుండుట సహజము. అవతారికలో ఒక పేరు లేదనుట ఆ వ్యక్తి లేడనుటకు ప్రమాణము కాజాలదు.

అన్నిటికంటె ఎక్కువ మందిని త్రోవ తప్పించినది నామసామ్యము. తాత పేరు మనుమనికి పెట్టు ఆచారముచే మన వంశములలో రెండే పేర్లు తరముమార్చి తరముగా వచ్చుచుండును. రెండు శాసనములలో ఒకే పేరు, ఒకే తండ్రి పేరు కాన్పించినను వారు తాతమనుమలు కావచ్చును. నడుమ అరువదేండ్లు గడచియుండవచ్చును. రెడ్డిరాజులలో వేమ నామము గలవారెందరో! ఆ పేరుతోడి పోలికయే కాబోలు, వేమనకవిని కొండవీటి రాజకుమారునిగా చేసిన కథకు ప్రాణము పోసినది. తెలుగు చోడులలో చోడబల్లి యను పేరు అనేకులకు ఉండుటచే నన్నెచోడుని కాలనిర్ణయము ఎంత చిక్కుపడినదో మన పాఠకులెరిగినదే. 1909లో కుమారసంభవమును ప్రకటించిన మానవల్లి రామకృష్ణకవిగారు ఆ కవిని నన్నయకు పూర్వునిగా నిలిపిరి. తరువాతివారిలో పెక్కుమంది దానిని అంగీకరింపలేదు. వాదము భాషాలక్షణములకు పోయినను, మూలమున నున్న ప్రశ్న వంశచరిత్రకు చెందినదే: ఈ చోడబల్లి ఏ చోడబల్లి?

తిక్కన సోమయాజి యింటినే చూడుడు. ఆయన తండ్రి కొమ్మన. కేతన, మల్లన, సిద్ధన పెదతండ్రులు. సిద్ధన కుమారుడే ఖడ్గతిక్కన. ఒకే యింట, ఒకే కాలమున, ఒకే రాజు కొలువున ఇద్దరు తిక్కనలు. ఒకడు కలమునకు, ఒకడు కత్తికి ప్రసిద్ధులగుటచే మనము బ్రతికిపోతిమి గాని, ఇద్దరును మంత్రులుగానే మిగిలియుండినచో వారిని ఒక్కనిగా చేసి ఏదో సామరస్యము కుదిర్చియే యుందుము. వీరి పితామహుడు మంత్రి భాస్కరుడు. భాస్కరరామాయణ కర్తలలో ప్రధానుడు హుళక్కి భాస్కరుడు. పేరు కలిసినందున ఆ రామాయణమును మంత్రి భాస్కరునికి అంటగట్టిన పండితులును లేకపోలేదు. మనుమడు మహాకవి యైనపుడు తాతకు ఒక మహాకావ్యము ఉండవలెనను కోరిక అందు తోడ్పడినదని మా యూహ. ప్రసిద్ధుని చుట్టును ఉన్న అప్రసిద్ధులకు కీర్తిని పంచిపెట్టుట వంశచరిత్రకారుల పాత అలవాటు.

ఖడ్గతిక్కనను సోమయాజికి ‘సోదరుడు’ అని వ్రాయువారు తప్పు వ్రాయుట లేదు, కాని చాలినంత వ్రాయుట లేదు. తెలుగున పెదతండ్రి కుమారుడు అన్నయే, పినతండ్రి కుమారుడు తమ్ముడే. తాతయన్న తాత తమ్ముడును తాతయే. వృద్ధులను అడిగి వంశవృక్షము వ్రాసికొనువారు ఈ బంధువాచకములను ఉన్నవి ఉన్నట్లు పట్టికలోనికి ఎక్కించినచో ముగ్గురు జ్ఞాతులు ఏకోదరులై కూర్చుందురు. ‘మీ తాత’ అనగానే ‘ఎవరికి పుట్టిన తాత?’ అని మరల అడుగక తప్పదు. అడిగినందుకు పెద్దలకు కొంచెము విసుగు కలుగును. కలిగినను మేలే.

ఇప్పుడు రుద్రమదేవి. ఆమె గణపతిదేవుని కుమార్తె యని నేడు బాలురకును తెలియును. కాని ఈ చిన్న విషయము నిలబడుటకు చాల శ్రమ పట్టినది. మోటుపల్లిని ముత్ఫిలి యని పేర్కొన్న మార్కోపోలో ఆ దేశమును రాజు మరణించిన పిదప అతని రాణి నలుబదేండ్లుగా పాలించుచున్నదని వ్రాసెను. విదేశీయుడు, సమకాలికుడు, ఏ పక్షమునకు చేరనివాడు — ఇంతకంటె మంచి సాక్షి ఎవడని పలువురకు తోచుట సహజమే. మరియొకవైపు శాసనములలో ఆమె ‘రుద్రదేవమహారాజు’ అని పుంలింగమున పేర్కొనబడుచున్నది. ఒక సాక్ష్యము ఆమెను భార్యగా, ఒక సాక్ష్యము పురుషునిగా చూపుచున్నది. విద్యానాథుని ప్రతాపరుద్రీయము, శాసనములు కలిసి చూపిన సత్యము వేరు: ఆమె గణపతిదేవుని కుమార్తె, నిడదవోలు చాళుక్యుడగు వీరభద్రుని భార్య. ఆమె కుమార్తె ముమ్మడమ్మకు పుట్టినవాడు ప్రతాపరుద్రుడు. మనుమని ఆమె పుత్రునిగా స్వీకరించెను. కావున ఒక శాసనమున ‘పుత్ర’ శబ్దము కన్పించినంత మాత్రమున కన్నకొడుకని నిశ్చయింపరాదు. దత్తత మన వంశవృక్షములలో కానరాని కీలు. కొమ్మ ఎచ్చటనుండి వచ్చి అంటుకొనెనో చెట్టును చూచి చెప్పలేము.

రుద్రమదేవి మరణకాలమును గూర్చి గూడ ఇట్టి పాఠమే కలదు. ఆమె 1295 ప్రాంతము వరకు ఏలినదని చిరకాలము వ్రాయుచు వచ్చిరి. నల్లగొండ జిల్లా చందుపట్ల శాసనము వెలుగు చూచిన పిదప 1289 నవంబరు నాటికే ఆమె శివలోకప్రాప్తి నొందినట్లు తేలినది. పువ్వుల ముమ్మడి అనువాడు ఆమెకును, మల్లికార్జున నాయకునకును పుణ్యముగా చేసిన దానమునకు సంబంధించిన చిన్న శాసనమది. అంబదేవునితోడి యుద్ధములో ఆమె మరణించెనను మాట దానినుండి చరిత్రకారులు చేసిన అనుమానము. అది సమంజసమైన అనుమానమే. అయినను ‘శాసనమున ఉన్నది’ అనుటకును, ‘శాసనమునుబట్టి ఊహింపవచ్చును’ అనుటకును గల భేదమును మన వ్యాసములలో తరచు చెరిపివేయుచున్నాము. ఒకరు ఊహగా వ్రాసినది రెండవవారి చేత సంభావ్యమై, మూడవవారి చేత సిద్ధాంతమగుచున్నది.

స్త్రీలను గూర్చి మరియొక మాట. వంశావళులలో తల్లుల పేర్లు తరచుగా ఉండవు. ఉన్నను పరిశోధకులు వానిని దాటిపోవుదురు. కాని కాకతీయుల తొలితరములను వెన్నరాజు మొదలుకొని వరుసగా చెప్పిన ఆధారము గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారము చెరువు శాసనము. పుట్టినింటి వంశమును ఆడుపడుచు భద్రపరచినది! ఆస్తితోడి సంబంధము లేనివారు చెప్పిన వంశావళికి ఒక విలువ కలదు. ఇంటి ఆడపడుచులను అడుగక వ్రాసిన కుటుంబచరిత్ర సగమే.

ఇక కాలగణనము. పాత పత్రములలో సంవత్సరనామము మాత్రమే ఉండుట సామాన్యము. ప్రభవాదులు అరువదేండ్లకొకసారి తిరిగివచ్చును. ‘నందన కరువులో మావారు ఊరు విడిచి వచ్చిరి’ అని గుంటూరు మండలమున ఒక కుటుంబము చెప్పుకొన్నచో అది 1832–33 నాటి ఘోరక్షామమని వెంటనే వ్రాయబుద్ధి పుట్టును. కాని నందన 1892లోను వచ్చినది. వలస వచ్చినవాని మనుమడు ఎప్పుడు పుట్టెనో మరియొక పత్రమున తేలినగాని రెంటిలో ఏదియో తేలదు. రాయలసీమవారి ధాతకరువు 1876–78 నాటిదనుటలో సందేహము తక్కువ, ఏలయనగా దాని స్మృతి ప్రభుత్వపత్రములలోను, జనుల నోటను ఒక్కటిగా నిలిచినది. శకవర్షమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చునని అందరు నెరుగుదురు. ఉగాది చైత్రమున వచ్చుటచే సంవత్సరాంతపు తిథులకు 79 కలుపవలెననియు, గతవర్షమో వర్తమానవర్షమో చూచుకొనవలెననియు కొందరే జ్ఞాపకముంచుకొందురు. తిథివారములు రెండును ఉన్నచో స్వామికన్ను పిళ్ళెగారి పట్టికలతో సరిచూచుట అర్ధగంట పని. వారము కలియనిచో లేఖకుని తప్పో, కూటపత్రమో ఆలోచింపవలెను.

ఫసలీ సంవత్సరమునకు 590 కలుపవలెను. మద్రాసు ప్రభుత్వపు భాగములలో ఫసలీ జూలైలో మొదలగును. నిజాము రాష్ట్రమున ఆజూరు మాసముతో, అనగా అక్టోబరు తొలి దినములలో మొదలయ్యెడిది. కృష్ణకు ఇరువైపుల భూములున్న కుటుంబము పత్రములు చూచువారు ఈ మూడు నెలల తేడాను మరువరాదు. ఒక మరణము, ఒక పట్టా మార్పు ఈ మూడు నెలలలోనే ముందువెనుకలు కావచ్చును.

కైఫీయతుల విషయమున మనకు రెండు విధముల అతి కలదు. కొందరు వానిని పుక్కిటి పురాణములని త్రోసివేయుదురు. కొందరు శాసనములతో సమముగా చూతురు. కర్నలు మెకంజీ (1754–1821) కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య మొదలగు సహాయకులచేత గ్రామగ్రామమున సేకరింపజేసిన ఈ వృత్తాంతములు లేకున్నచో, బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించి నిలుపకున్నచో, మన గ్రామచరిత్ర చీకటి. కాని చెప్పినవారు ఎవరు? కరణములు. అడిగినవారు ఎవరి మనుష్యులు? క్రొత్తగా దేశమును చేజిక్కించుకొనిన కుంఫిణీవారి మనుష్యులు. మిరాసీ నిలుచునో పోవునోయను భయము ఆ సమాధానములలో తొంగిచూచుచుండును. గుంటూరు సీమ కైఫీయతులలో పలుచోట్ల కాకతి గణపతిదేవుని ప్రధాని గోపరాజు రామన్న శాలివాహనశకము 1067లో నియోగులకు కరణికపు మిరాసీలు పంచెనని కలదు. శకము 1067 అనగా క్రీ.శ. 1145. గణపతిదేవుడు రాజ్యమునకు వచ్చినది 1199లో! ఊరూరను ఒకే తేదీ ఉండుట సాక్ష్యబాహుళ్యము కాదు, ఒకే మూలమునుండి అందరు ఎత్తివ్రాసికొనుట. పది కైఫీయతులు ఒక్క సాక్షియే. అయినను అదే కైఫీయతులో కరణము తన తండ్రిని, తాతను, పాలివాండ్రను గూర్చి చెప్పిన భాగము మిక్కిలి నమ్మదగినది, ఏలయనగా ఆ మాట అబద్ధమైనచో ఎదురుచెప్పుటకు జ్ఞాతులు ఆ వీథిలోనే కలరు.

ఈ దృష్టితోనే ఇనాము రిజిస్టరులను చూడవలెను. మద్రాసు ప్రభుత్వము 1858లో ఏర్పరచిన ఇనాం కమిషను ప్రతి ఇనామును విచారించి దాత, తొలి ప్రతిగ్రహీత, ప్రస్తుత అనుభవదారు, అతని వయస్సు మొదలగునవి వ్రాయించెను. అగ్రహారికుల, అర్చకుల, విద్వత్కుటుంబముల చరిత్రకు ఇంతటి సాధనము వేరు లేదు. 1860 ప్రాంతపు వ్యక్తి వయస్సు దొరికినచో అందుండి ఒక తరము పైకి, ఒక తరము క్రిందికి నిశ్చయముగా పోవచ్చును. దానము తొలుత ఎవరిచ్చిరను గడి మాత్రము వేరు. సనదు చూపినవాడు చూపెను, చూపలేనివాడు ‘అనాదిగా’ అనెను. వరుసతప్పని వారసత్వము చూపుట అనుభవదారునకు లాభము. తెలంగాణమున ఇట్టి పనికి ముంతకాబులు, విరాసతు మిసిళ్ళు తోడ్పడును. అవి ఉర్దూ, పారసీలలో నుండుటచే మన విద్యార్థులు వాని జోలికి పోవుట లేదు. ఇది విచారింపదగిన విషయము. ఆంధ్రప్రదేశమున వంశపారంపర్య గ్రామాధికారములు 1984లో రద్దయిన తరువాత కరణముల యిండ్లలోని కవిలెలు, కాగితములు చెదరిపోయినవి. మిగిలినవానిని చూచుటకు ఆలసింపరాదు.

ఇంటిపేరు తరచుగా ఊరిపేరు. అది పూర్వికుడు ఎచ్చటనుండి వచ్చెనో చెప్పును గాని, ఇంటిపేరు గలవాడు ఎచ్చట నివసించెనో చెప్పదు. పోతన విషయమున బమ్మెర, ఒంటిమిట్టల వాదము తెలిసినదే. బమ్మెర పక్షమునకు ఇతరాధారములు కలవు. ఇంటిపేరొక్కటి మాత్రము ఆ వాదమును తీర్చజాలదు. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రము ఉన్నంతనే ఒక వంశమనుటయు తొందరపాటే.

ఇంతవరకు చెప్పినదంతయు శాసనములు వేయించినవారి, కావ్యములు అంకితము పొందినవారి, ఇనాములు అనుభవించినవారి మాట. తక్కినవారికి వంశచరిత్ర లేదా? ఆశ్రితకులముల వారి నోట కలదు. రెడ్లకు పిచ్చుకుంట్లవారు, విశ్వబ్రాహ్మణులకు రుంజలవారు, పద్మశాలీలకు సాధనాశూరులు, గొల్లలకు మందెచ్చులవారు, మాదిగలకు డక్కలివారు గోత్రములను, పూర్వకథలను చెప్పుచు వచ్చిరి. వీరి పాఠములందును రణస్తిపూండి శాసనమునందువలెనే పైభాగము పురాణము, క్రిందిభాగము జ్ఞాపకము. ఒక రాజశాసనమున ఆ మిశ్రమమును క్షమించి డక్కలివాని నోట దానిని పరిహసించుట న్యాయము కాదు. పాఠమును వ్రాసికొనునపుడు చెప్పినవాడు, విన్నచోటు, తేదీ, ఎవరి యెదుట చెప్పెనో గుర్తింపవలెను. ఇచ్చువాని ముఖమును చూచి పాఠము పొడిగించుట కద్దు.

వ్రాతపత్రములును లేకపోలేదు. ధాతకరువు వెంటనే 1878 జూలై 3వ తేదీన ఒంగోలు సమీపమున వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారు ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. వారిలో అధికసంఖ్యాకులు మాదిగలు. ఏ అవతారికలోను చోటు దొరకని కుటుంబములకు మిషనుల జాబితాలు తొలి లిఖితసాక్ష్యములు కావచ్చును. అచ్చట చిక్కు పేరు మారుట. నిన్నటి పేరును నేటి పేరును కలుపు గ్రంథి దొరకనిచో వంశము రెండు ముక్కలగును. జనాభా లెక్కలలో వెదకుదమన్నచో, 1948 చట్టము ప్రకారము వ్యక్తుల వివరములు పరిశీలనకు తెరవబడవు.

సముద్రము దాటినవారి విషయము ఇంకను ఆశ్చర్యకరము. మద్రాసునుండి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బను చేరినది మొదలు నేటాలునకు పోయిన కూలీలలో ప్రతివాని పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటి మీది గుర్తులు సైతము జాబితాలకెక్కినవి. మారిషస్‌లో మోకాలోని మహాత్మాగాంధీ సంస్థయందు వలసవచ్చినవారి రికార్డులు భద్రముగా నున్నవి. అచ్చటి తెలుగువారికి కోరంగి రేవునుబట్టి కోరంగులను పేరు వచ్చినది. ఆ కాలపు మన జమీందారులలో ఎందరికి ఇంత సంపూర్ణమైన వ్యక్తివివరణము దొరకును? ఈ జాబితాలతో వారి మునిమనుమలు నేడు మన గ్రామములను వెదకుచు వచ్చుచున్నారు, వచ్చి నిరాశతో మరలుచున్నారు. ఏలయనగా పేర్లు చెప్పినది తెలుగువాడు, విన్నది మరియొక భాషవాడు, వ్రాసినది ఇంగ్లీషు లిపిలో. ఆ లిపిలో డకారదకారములకు, లకారళకారములకు, హ్రస్వదీర్ఘములకు భేదము లేదు. కులనామమే దక్షిణాఫ్రికాలో ఇంటిపేరైనది, అసలు ఇంటిపేరు జాబితాలో లేదు. అట్టి గ్రామనామమును చదువుటకు ఆ తాలూకాలోని పల్లెల పేర్లన్నిటిని పాత రెవెన్యూ పట్టికలనుండి తీసి, ఒక్కొక్కదానిని ఇంగ్లీషు లిపిలో ఎన్ని విధములుగా వ్రాయ వీలుండునో వ్రాసి చూడవలెను. దొరికిన రెండు మూడు గ్రామములలో ఆ కులమువారు, ఆ తండ్రి పేరు గలవారు ఎచ్చట ఉండిరో విచారింపవలెను. ధ్వనిశాస్త్రము, గ్రామనామశాస్త్రము నేర్చిన మన తెలుగు శాఖల విద్యార్థులకంటె ఈ పనికి తగినవారు లేరు. ఒక్క జిల్లాకైనను ఇట్టి పట్టికను సిద్ధపరచిన సిద్ధాంతవ్యాసము ఇంతవరకు మా కంటబడలేదు.